ఖాడీలో నీలం గుడ్డ కట్టె

మొదటి లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్ మేడ మీద గుండ్రంగా తిరిగి తిరిగి విసుగెత్తినప్పుడు, మా అక్క కూతురు ఫోన్లో నాకు జియోక్యాషింగ్ నేర్పింది. ఎవరో ఒకరు ఊళ్ళో ఒక చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైట్‌లో పెడతారు. మనం ఫోన్లో బాణం చూసుకుంటూ వెళ్ళి వెతకాలి. లోపల ఒక కాగితం చుట్ట ఉంటుంది. దాని మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టి రావాలి. మొదట కనిపెట్టినవాళ్ళ పేరు మొదటి వరసలో ఉంటుంది. బహుమతి అంటే అదే. నలుగురిలో కలవకుండా, మాస్కు పెట్టుకుని ఒక్కదాన్నీ తిరగడానికి అంతకన్నా మంచి సాకు నాకు దొరకలేదు. అప్పటినుంచి సూరత్‌లో తిరిగిన దారులు, ఖర్చులు ఈ బ్లాగులో రాస్తూ వస్తున్నాను. ఇంతవరకు రాసినవన్నీ సంతోషంగా రాసినవే. హజీరా వైపు చేసిన ఈ ప్రయాణం గురించి మాత్రం తలెత్తుకుని రాయలేకపోతున్నాను. అయినా దారి అడుగుతూ ముగ్గురు నలుగురు రాశారు కాబట్టి చెప్పకుండా ఉండకూడదు.

ముందు పద్మ గురించి చెప్పాలి. అడాజన్‌లో మా ఇంటి దగ్గరి వంతెన కింద నేను కనిపెట్టిన తొలి డబ్బాలో, కాగితం మొదటి వరసలో గుండ్రటి తెలుగు అక్షరాలతో 'పద్మ, వడోద్' అని ఉంది. వడోద్ సూరత్‌లోనే ఒక పేట. పరాయి ఊళ్ళో, వంతెన కింద, డబ్బాలో తెలుగు! రెండో డబ్బాలోనూ ఆ పేరే ముందుంది. మూడోదాంట్లో నా పేరు ముందు పడింది. నాలుగోదాని దగ్గర మనిషే ఎదురైంది. వాళ్ళ తాతల కాలంలో వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. తను పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. భర్త పవర్‌లూమ్ మీద, తను ఇంట్లో చీరలకు లేసు కుట్టే పని. నాకన్నా పదేళ్ళు చిన్నది. నన్ను చూడగానే, "నువ్వేనా అక్కా, గా ముత్యాల్లాంటి చేతిరాత? నేనేదో టీచరమ్మ అనుకున్న," అంది. ఆ రోజు నుంచి మేం స్నేహితులం, పోటీదారులం కూడా. ఊరి బయట డబ్బా పడితే ఒకరికి చెప్పకుండా ఒకరం వెళ్ళకూడదనేది మా ఒప్పందం. కలిసి వెళ్ళి, చేరాక ఎవరి దారి వాళ్ళది. ఓడినవాళ్ళు తినిపించాలి.

కొత్తగా ఈ ఆట మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట. సూరత్‌లో బాణాన్ని నమ్మాలంటే ముందు నేలను చూడాలి. రింగ్ రోడ్డులో బట్టల మార్కెట్ల మధ్య ఆ ఎత్తైన భవనాలకు బాణం తూలిపోతుంది. ఫ్లైఓవర్ దగ్గర డబ్బా పైన ఉందో కింద ఉందో అది చెప్పదు. ఖటోదరా సందుల్లో మగ్గాల చప్పుడుకు పక్కనున్న మనిషి పిలుపు కూడా వినిపించదు. ఎంత ఖరీదైన ఫోనైనా అసలు చోటుకు నాలుగైదు అడుగులు అటో ఇటో చూపిస్తుంది, ఆ చివరి అడుగులు కళ్ళతోనే వెతకాలి అని నేనే ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ఆ మాట మనసులో ఉంచుకోండి. రాసినదాన్నయ్యుండి నేనే మరిచిపోయాను.

రెండో వేవ్ తగ్గాక వచ్చిన చలికాలంలో, వడోదరాలో ఉండే ఒక ఆటగాడు తాపీ నది సముద్రంలో కలిసే చోట కొత్త డబ్బా పెట్టాడు. 'నీళ్ళు తగ్గినప్పుడే దారి. విరిగిన పడవ కింద చూడండి' అని మాత్రమే సూచన. మ్యాపులో చూస్తే డుమస్ బీచికి దగ్గరగా కనిపించింది. ఒక ఆదివారం పొద్దున నేను డుమస్ వెళ్ళాను. ఇది ఊరి బయట లెక్కలోకి రాదులే అనుకుని పద్మకు చెప్పలేదు. నల్లటి ఇసుకలో నిలబడి చూస్తే బాణం తిన్నగా నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డును చూపిస్తోంది. రెండు మూడు కిలోమీటర్లే, కానీ మధ్యలో నది. రోడ్డున చుట్టి వెళ్ళాలంటే మళ్ళీ ఊళ్ళోకి వచ్చి వంతెన దాటి ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. ఉసూరుమని వెనక్కి తిరిగేసరికి బజ్జీల బండి దగ్గర పద్మ. తనూ నాకు చెప్పలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసి పడీ పడీ నవ్వాం. "దొంగ దొంగను పట్టుకున్నట్టయింది అక్కా," అంది. వచ్చే ఆదివారం హజీరా వైపు కలిసే వెళ్దామని అక్కడే అనుకున్నాం. అప్పటికి ఇద్దరికీ మొదటి పేర్లు సమానంగా ఉన్నాయి. ఈ డబ్బాతో ఒకరు ముందుకు వస్తారు.

సిటీ బస్సు ఎక్కాలంటే టీకా సర్టిఫికెట్ చూపించాలి. పద్మకు రెండో డోసు ఇంకా పడలేదు. అందుకని మాకు తెలిసిన ఇక్బాల్‌భాయ్ ఆటో మాట్లాడాను. పోనురాను, అక్కడ ఆగడం అన్నీ కలిపి ఏడు వందలు, చెరి సగం. హజీరాలో ఆ రోజు నీళ్ళు బాగా తగ్గే సమయం తొమ్మిది అని వెబ్‌సైట్లో చూసి రాసిపెట్టుకున్నాను. పద్మ వడోద్ నుంచి స్కూటీ మీద వచ్చి మా ఇంటి కింద పెట్టింది. ఆరున్నరకు బయలుదేరాం. ఇచ్ఛాపోర్ దాటాక కంపెనీ బస్సులు, ఉక్కు చుట్టలు మోసే లారీలు, వాటి వెనక దుమ్ము. మాస్కు మీద కొంగు కూడా కప్పుకోవాల్సి వచ్చింది. ఇక్బాల్‌భాయ్ అద్దంలోంచి మమ్మల్ని చూసి, "డబ్బాలో ఏముంటుంది మేడం? బంగారమా?" అని హిందీలో అడిగాడు.

"కాగితం, భాయ్," అంది పద్మ.

"కాగితం కోసం ఏడు వందల ఆటోనా?"

"గందుకే మా ఆయనకు నేను చెప్తలేను," అని పద్మ తెలుగులో నాతో అని కిసుక్కున నవ్వింది. తర్వాత, "ఇయ్యాల ఓడినోళ్ళు పోంక్ తినిపియ్యాలె. పల్లీలతో సరిపెడితే ఒప్పుకోను," అంది. పోంక్ అంటే చలికాలంలో సూరత్‌లో దొరికే పచ్చి జొన్న గింజలు. కంకుల్ని నిప్పుల మీద కాల్చి, నూర్చి, సన్న కారప్పూసతో, నిమ్మకాయతో కలిపి పెడతారు. తెలంగాణ వాళ్ళకు ఊచబియ్యం అంటే వెంటనే తెలుస్తుంది.

ఎనిమిది కాకముందే ఒక చిన్న బెస్తపల్లె దగ్గర గట్టు మీద దిగాం. ఆటో అంతవరకే వెళ్తుంది. గట్టు దిగువన ఖాడీ. సముద్రపు పోటు లోపలికి వచ్చిపోయే పాయను ఇక్కడ అలాగే అంటారు. ఖమ్మంలో పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళు వెళ్ళిపోయాక సముద్రం ఇలా ఉంటుందని నాకు తెలియదు. కనుచూపు మేర బూడిదరంగు బురద, దాని మీద అద్దంలా పలచటి నీటిపొర. మధ్యలో అక్కడక్కడా గుబురుగా మడ చెట్లు. చాలా దూరంలో వంగి పని చేసుకుంటున్న ఒక మనిషి, పక్కన తెల్లటి బకెట్. గట్టు నుంచి ఆ బురదలోకి ఒకదాని వెనక ఒకటిగా కట్టెలు పాతి ఉన్నాయి. ప్రతి కట్టెకూ ఒక గుడ్డ పేలిక కట్టి ఉంది.

గట్టు మీద ముప్ఫై ఏళ్ళ ఆవిడ ఒకతె వల చిక్కులు తీస్తోంది. పేరు జశు అని చెప్పింది. పద్మ గుజరాతీలో దారి అడిగితే, విరిగిన పడవ ఎటుందో చెయ్యి చాపి చూపించింది. "కట్టెల వెంబడే నడవండి బెన్. నీలం గుడ్డ కట్టె దగ్గర ఎడమకు తిరగాలి. తిన్నగా పోతే దిగబడతారు. పెద్ద పోటు వచ్చిన ప్రతిసారీ గట్టి నేల జరిగిపోతుంది, మళ్ళీ నేనే చూసి పాతుతాను. అదిగో మా అత్త, ఆ కట్టెల వెంబడే లెవ్టాలకు పోయింది," అంది. బెన్ అంటే అక్క, లెవ్టాలంటే బురదలో గెంతే చేపలు. సూరత్ వాళ్ళకు చాలా ఇష్టం.

ఈ మాటలన్నీ నేను విన్నాను. అర్థం కాలేదని చెప్పడానికి లేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం దిగబోతుంటే పద్మకు ఫోన్ వచ్చింది. లేసు పని ఇచ్చే సేఠ్. "నడువక్కా, వస్తున్న. పరిగెత్తకు, గీ వయసులో జారితే నేను మోయలేను," అని నవ్వుతూ గట్టు మీద అటు తిరిగి మాట్లాడుకుంటోంది. నేను ముందు నడిచాను. కట్టెల వెంట నేల నిజంగానే గట్టిగా ఉంది, చీలమండ దాటి దిగలేదు. అడుగు తీసిన వెంటనే ముద్ర మాసిపోయి నీటిపొర కమ్ముకుంటోంది. నీలం గుడ్డ కట్టె దగ్గరకు వచ్చాను. ఎడమవైపు మడ చెట్ల గుబురు, దాని వెనక పడవ కొయ్యలు కొద్దిగా కనిపిస్తున్నాయి. వెనక్కి చూస్తే పద్మ ఫోన్ పెట్టేసి దిగుతోంది. తను నాకన్నా చురుకు. ఇంకో రెండు నిమిషాల్లో నన్ను దాటేస్తుంది.

నేను ఆ కట్టెను పీకేశాను. రెండు చేతులతో గట్టిగా లాగాల్సి వచ్చింది. పీకేముందు ఫోన్లో ఆ చోటు గుర్తు పెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు సరిగ్గా అక్కడే పాతేస్తాను కదా, పద్మ ఇక్కడికి వచ్చి ఎటు తిరగాలో తెలియక ఆగిపోతుంది, అంతే కదా అనుకున్నాను. వంటింట్లో ఏ డబ్బా తీసినా మళ్ళీ అదే చోట పెట్టే మనిషిని నేను. ఆ నమ్మకంతోనే చేశాను.

కట్టెను ఊతకర్రలా పట్టుకుని గుబురు వెనక్కి వెళ్ళాను. వెనక నుంచి "అక్కా!" అని పిలుపు వినిపించింది. పలకలేదు. "అక్కా, నీలం గుడ్డ కనబడ్తలేదు, ఎటు పోయినవ్?" అని మళ్ళీ పిలిచింది. అప్పటికే నా చెయ్యి పడవ అడుగున తాడుతో కట్టిన ప్లాస్టిక్ డబ్బా మీద ఉంది. మూత తీసి, కాగితం విప్పి, ఖాళీగా ఉన్న మొదటి వరసలో కుదురుగా పేరు రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకున్నాను. ఆ తర్వాతే, "దొరికింది పద్మా!" అని అరిచాను.

తిరిగి వస్తూ ఫోన్ చూసుకుంటూ గుర్తు పెట్టిన చోటు వెతికాను. పీకిన గుంత ఎక్కడా లేదు. బురద ఎప్పుడో మూసేసుకుంది. ఫోన్ ఆ చోటు నాకు కుడివైపు రెండు మూడు అడుగుల దూరంలో ఉందంది. నేను గట్టి నేల మీదే నిలబడి, చెయ్యి చాచి, ఫోన్ చూపించిన చోట కట్టె గుచ్చాను. వెన్నలో దిగినట్టు దిగింది. పీకేటప్పుడు రెండు చేతుల బలం పట్టింది, గుచ్చేటప్పుడు ఒక్క చేతికే దిగింది. అది అప్పుడే నాకు తట్టాలి. తట్టలేదు, గెలిచిన సంబరంలో ఉన్నాను.

పద్మ వెనకటి కట్టె దగ్గరే గట్టు వైపు తిరిగి నిలబడి ఉంది. "ఏందక్కా, పిలిస్తే పలుకవు? జర భయమైంది నాకు," అంది. గాలికి వినిపించలేదన్నాను. తను నమ్మింది. నువ్వూ పేరు రాసి రా అంటే, "రెండో పేరుకు గింత బురద తొక్కాల్నా? నీ పేరు కింద నా పేరు రాసుడు నాతోని గాదు. పా, చాయ్ తాగుదాం," అని నవ్వింది.

గట్టు మీద ఇక్బాల్‌భాయ్ తెచ్చిన ఫ్లాస్కు టీ తాగుతున్నాం. పది దాటింది. బురద మీది నీటిపొర చూస్తుండగానే కాస్త మందమవుతోంది. ఖాడీ పాయలో నీళ్ళు వెనక్కి, లోపలివైపు పారడం మొదలుపెట్టాయి. దూరంగా ఉన్న ఆవిడ బకెట్ నెత్తిన పెట్టుకుని కట్టెల వెంట తిరిగి వస్తోంది. జశు వాళ్ళ అత్త రేవాబెన్. వయసు అరవైకి దగ్గర. నడక మాత్రం చకచకా ఉంది. మడ చెట్ల గుబురు దాటింది. నీలం గుడ్డ కట్టె వైపు వచ్చింది. దాని పక్కన అడుగు వేసింది.

ఒక్కసారిగా ఆమె ఎత్తు సగమైంది. బకెట్ దూరంగా పడింది. కాలు తీయబోయి రెండో కాలు కూడా దిగింది. తొడల దాకా బురద, దాని మీద పాకుతూ వస్తున్న నీళ్ళు. "జశూ!" అన్న ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జశు వల పారేసి, గట్టు పక్కన బోర్లించి ఉన్న పొడవాటి చెక్క పలక లాక్కుని పరిగెత్తింది. బురద మీద జారుతూ వెళ్ళే పలక అది. పద్మ ఆమె వెనకే ఉరికింది. ఇక్బాల్‌భాయ్ ఆటో డిక్కీలోంచి తాడు తీసుకుని దూకాడు. నేను ఒక్క క్షణం టీ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. తర్వాత నేనూ వెళ్ళాను. జశు పలక మీద బోర్లా పడుకుని అత్త చంకల కింద తాడు వేసింది. గట్టి నేల మీద వరసగా నిలబడి మేం ముగ్గురం లాగాం. తాడు చివర నాది. "కాళ్ళు ఆడించకండి బా, వెనక్కి వాలండి, వాలండి!" అని జశు అరుస్తూనే ఉంది. ఇక్కడ అమ్మను, అత్తను కూడా బా అంటారు. నీళ్ళు ఆమె నడుము తాకేసరికి ఒక కాలు వచ్చింది. తర్వాత రెండోది. పలక మీద పడుకోబెట్టి గట్టు దాకా లాక్కొచ్చాం. బకెట్ పోటుతో పాటు పాయలోకి కొట్టుకుపోయింది. పొద్దున్నుంచి పట్టిన లెవ్టాలు, పీతలు అన్నీ దాంతోనే పోయాయి.

రేవాబెన్ చాలాసేపు వణికింది. పద్మ తన శాలువా కప్పింది. వణుకు తగ్గాక ఆమె కోడలి వైపు తిరిగింది. "కళ్ళు పోయాయా నీకు? కట్టె ఎక్కడ పాతావు? నీ చేతి కట్టెను చూసే కదా నేను అడుగేసింది! నా కొడుకు ఎలాగూ లేడు, నన్ను కూడా పంపించేద్దామనా?"

జశు బిత్తరపోయింది. "బా, నేను అక్కడ పాతలేదు. మీ మీద ఒట్టు. మొన్న మీరే తొక్కి చూశారు కదా."

"ఇకనుంచి కట్టెలు నువ్వు ముట్టకు. పక్కింటి వాళ్ళను బతిమాలుకుంటాను, నీ మీద మాత్రం నమ్మకం పెట్టుకోను."

జశు కళ్ళనిండా నీళ్ళు. మాటిమాటికీ ఆ కట్టె వైపు చూస్తోంది. తను నిజంగానే పొరపడ్డానా అని తన చేతుల్నే అనుమానిస్తున్నట్టుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పాలని నాకు తెలుసు. ఆమె బతికింది కదా, ఇంటికి వెళ్ళాక అత్తాకోడళ్ళు సర్దుకుంటారు కదా అని కూడా అనిపించింది. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

పద్మ నా చేతుల వైపు చూసింది. తాడు పట్టుకున్న చేతులకు అంటిన బురద అందరికీ ఉంది. నా మోచేతుల దాకా ఎండిన బురద మాత్రం పొద్దుటిది. గడియారం పట్టీలో నీలం నూలు పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. పద్మ గొంతు తగ్గించి తెలుగులో, "అక్కా. నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?" అంది.

నాకు వచ్చిన హిందీలో చెప్పాను. కట్టె నేనే పీకానని, మళ్ళీ నేనే పాతానని, జశు తప్పేమీ లేదని. ముందు వాళ్ళు నమ్మలేదు. కోడలిని కాపాడటానికి పట్నం ఆవిడ మంచితనంతో అంటోందనుకున్నారు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మరీ కష్టం.

"ఎందుకు పీకారు?" అని రేవాబెన్ అడిగింది. కోపంగా కాదు, అర్థం కాక.

"ఈవిడ నాకన్నా ముందు ఆ పడవ దగ్గరికి వెళ్ళకూడదని."

"పడవ దగ్గర ఏముంది?"

"ఒక డబ్బా."

"డబ్బాలో?"

"కాగితం. దాని మీద పేరు రాయాలి."

"ఎవరి పేరు?"

"ముందు వెళ్ళినవాళ్ళ పేరు."

"రాశారా?" అంది.

"రాశాను."

ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికైనా నేను వాళ్ళ మనిషిని కాను. ఆమె కోడలి భుజం పట్టుకుని లేచి, "పద, పొయ్యి మీద నీళ్ళు పెట్టు, స్నానం చేయాలి," అంది. పోయిన చేపలకైనా ఇద్దామని నేను పర్సు తీశాను. జశు తల అడ్డంగా ఊపింది. పర్సు తీసినంత తేలిగ్గా దాన్ని మళ్ళీ లోపల పెట్టుకోలేకపోయాను. వెళ్ళబోతూ జశు పద్మతో మాత్రం ఒక్క మాట అంది. "ఆ డబ్బా తీయించేయండి బెన్. దాని కోసం ఇంకెవరూ రాకూడదు."

తిరుగు దారిలో ఇక్బాల్‌భాయ్ ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు. అడాజన్ చేరేముందు తాపీ ఒడ్డున పోంక్ అమ్మే దుకాణాల దగ్గర పద్మ ఆటో ఆపమంది. దిగి వెళ్ళి, పావు కిలో పోంక్, కారప్పూస కట్టించుకుని వచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదెందుకు పద్మా?" అన్నాను.

"ఓడినోళ్ళు తినిపియ్యాలె గద అక్కా. మొదటి పేరు నీదే గదా."

వెటకారం కాదు. తన గొంతులో వెటకారం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా ఆటకు ఒక నియమం ఉంది, తన వంతుది తను చేసింది, అంతే. మా ఇంటి కింద స్కూటీ తీసుకుని, "వస్తనక్కా," అని వెళ్ళిపోయింది. ఆ పోంక్ నేను పారేయలేదు. అన్నం, గింజ పారేయడం మా ఇంట్లో లేదు. ఆ సాయంత్రం ఒక్కదాన్నీ కూర్చుని అంతా తిన్నాను.

డబ్బా పెట్టిన ఆటగాడికి జరిగిందంతా రాశాను. అతను ఆ పేజీ మూసేసి, తను వడోదరా నుంచి రాలేనని, డబ్బాను నన్నే తీసేయమని అన్నాడు. మళ్ళీ నీళ్ళు బాగా తగ్గే ఆదివారం చూసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. జశును అడిగితే సరే నడవమంది. తను ముందు, నేను వెనక. కట్టెలు తనే పాతిందట, అత్తే మళ్ళీ పాతమందట. అది విని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కానీ జశు ఒక్కో కట్టె దగ్గరా ఆగింది. రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, పక్కన పాదంతో నొక్కి చూసి, అప్పుడు అడుగు వేసింది. తన చేత్తో తను పాతిన కట్టెలే అవి. పడవ దాకా అన్నిటి దగ్గరా అలాగే చేసింది. డబ్బా తెచ్చుకుని వచ్చేశాను. ఇప్పుడది మా వంటింటి అలమారలో ఉంది. లోపలి కాగితం మీద నా పేరు ఒక్కటే ఉంది. ఇక ఉండబోయేది కూడా అదొక్కటే.

ఈ రెండేళ్ళలో ఎన్ని వస్తువులు ముట్టుకోవడానికి భయపడ్డామో మనందరికీ తెలుసు. తలుపు గడియలు, లిఫ్టు మీటలు, చిల్లర నోట్లు. డబ్బా తెరిచే ముందు, తెరిచాక శానిటైజర్ రాసుకోవడం నేను ఒక్కసారి కూడా మరవలేదు. ఆ రోజు కూడా రాసుకున్నాను. ముట్టుకోకూడనిది మాత్రం రెండు చేతులతో పీకాను. ఎదుటివాళ్ళ చోటు మనకు ఆటస్థలమైనప్పుడు, అక్కడున్నవన్నీ ఆట కోసమే పెట్టినట్టు కనిపిస్తాయి. రేవాబెన్‌ను బురదలోంచి లాగడానికి నలుగురం చాలాం. జశు తన కట్టెల దగ్గర ఆగకుండా మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో తెలియదు, దానికి నేను చేయగలిగిందేమీ లేదు. పద్మ కొత్త డబ్బాల సంగతి ఇప్పటికీ ముందు రోజే నాకు చెబుతుంది. "పోతున్నక్కా," అని రాస్తుంది. "వస్తవా?" అని మాత్రం ఇప్పుడు రాయడం లేదు.

మీరు సూరత్ చుట్టుపక్కల ఏ ఖాడీలోకి దిగినా ఇది ఒక్కటి పాటించండి. ఊతకర్ర కావాలంటే ఊళ్ళోనే ఒకటి కొని తీసుకువెళ్ళండి, యాభై రూపాయలకు వెదురు కర్ర దొరుకుతుంది. బురదలో నిలబెట్టి ఉన్నది ఎంత పనికిరానిదిలా కనిపించినా, దాని వెంబడి మాత్రం నడవండి. చెయ్యి వేయకండి.